పిరమిడ్ సరస్సున ట్రౌటు వేట: ఎంత ఆశింపవలెను?

వినోదమునకు కూడ ఆదాయవ్యయముల లెక్క యొకటి కలదు. ధనము, కాలము, శ్రమ వ్యయములు, సంతోషము ఆదాయము. ఈ లెక్క తప్పుట తఱచు వ్యయము పెరుగుటవలన గాదు, ఆదాయమును ముందుగనే మితిమీఱి ఊహించుకొనుటవలన. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత ప్రయాణముల విషయమునను, వేటల విషయమునను చక్కగా వర్తించును. ఈ నెల మేము అమెరికా పశ్చిమభాగమున గల యొక సరస్సును, అందు చేపలకై గాలము వేయు వారి ఆశలను తీసికొని ఈ సంగతిని ముచ్చటింప దలచితిమి.

చేపలవేటకును స్త్రీల పత్రికకును ఏమి పొత్తని కొందఱు పాఠికలు అడుగవచ్చును. కాలిఫోర్నియా రాష్ట్రమున నేడు తెలుగు కుటుంబములు విరివిగా స్థిరపడి యున్నవి. శాక్రమెంటో నగరమునుండి తూర్పుగా కొండలు దాటి నెవాడా రాష్ట్రములోని రీనో పట్టణమునకు పోవుట రెండు మూడు గంటల పని. అచ్చటనుండి ఈశాన్యముగా సుమారు 40 మైళ్ళు పోయిన పిరమిడ్ సరస్సు. అట్టి చోట కాపురముండు మన ఆడపడుచులకు భర్తతోనో, ఎదిగిన కుమారునితోనో, లేదా తమ ఉత్సాహముననే ఈ ప్రయాణము తటస్థింపవచ్చును. ఇంటనుండు తల్లులకు వారి ఉత్తరములలో ఈ సరస్సు పేరు, చేతిలో చేపతో దిగిన ఛాయాపటము కనబడవచ్చును. చేప దొరకని నాడు ఇంటిల్లిపాదియు ముఖము ముడుచుకొని తిరిగివచ్చుట ఏ గృహిణికిని హితవు గాదు గదా.

మొదట ట్రౌటు చేప యెట్టిదో చెప్పుదము. ఇది చల్లని, స్వచ్ఛమైన నీటిలో బ్రతుకు జాతి. మన గోదావరి కృష్ణలలోని బొచ్చె, కొఱ్ఱమీను వంటి వానికి సరిపడు వెచ్చని నీరు దీనికి గిట్టదు. మన దేశమున కాశ్మీరమునందును, నీలగిరులమీది వాగులయందును కనబడు ట్రౌటులు బ్రిటిషువారి కాలమున బయటినుండి తెచ్చి పెంచినవి. పిరమిడ్ సరస్సునందలి ట్రౌటు మాత్రము ఆ ప్రాంతమునకే పుట్టినది. దాని దవడ క్రింద కత్తిగాటు పడినట్లు ఎఱ్ఱని గీత యుండును. అందుచే ఆంగ్లేయులు దానిని కట్‌త్రోట్ అందురు. ఈ సరస్సులోని తెగకు లాహాంటన్ కట్‌త్రోట్ అని పేరు.

ఇక వేట పద్ధతి. మన పల్లెలలో వెదురుకఱ్ఱకు దారము కట్టి, గాలమునకు వానపామును గ్రుచ్చి, బెండు మునిగినంతనే లాగుట అందఱు చూచినదే. ఈగగాలము వేఱు. ఇందు ప్రాణముగల ఎఱ యుండదు. చిన్న కొక్కెమునకు పక్షి యీకలు, బొచ్చు, దారము చుట్టి, ఈగవలెనో, పురుగువలెనో, చిన్న చేపపిల్లవలెనో కనబడునట్లు చేయుదురు. ఈకముక్కకు బరువుండదు గావున దానిని దూరముగా విసరుట అసాధ్యము. అందుచే దారమునకే బరువుండునట్లు మందముగా తయారుచేసి, కఱ్ఱను వెనుకకు ముందుకు ఆడించి, ఆ దారమును గాలిలో చాచి నీటిపై పఱతురు. దారము వెనుక పూర్తిగా చాచుకొనువఱకు క్షణమాత్ర మాగి, పిమ్మట ముందునకు విసరవలెను. ఆ క్షణము తెలిసినవారికి విద్య వచ్చినట్లే. తెలియనివారికి దారము మెడకు చుట్టుకొనును.

ఇందు కండబలముకంటె అదును ముఖ్యము. అందుచే స్త్రీలకు ఇది అందని విద్య యనుకొనుట పొరపాటు. జోన్ వుల్ఫ్ అను అమెరికా వనిత 1951లో పురుషులతో పోటీపడి దూరము విసరు పందెమున గెలిచినది. 1979లో భర్తతో గూడి ఈ విద్యకు పాఠశాల స్థాపించి అనేకులకు గురువైనది. బియ్యము చెఱిగినపుడు చేటను విసరు చేతికి, ఎప్పుడు జోరు చూపవలెనో, ఎప్పుడు ఆగవలెనో యెవ్వరును చెప్పనక్కఱలేదు. ఆ చేయి ఇచ్చట గూడ పనికివచ్చును.

ఇప్పుడు సరస్సును చూడుడు. పూర్వము హిమయుగమున ఆ ఎడారిభూములలో ఎనిమిదివేల చదరపు మైళ్ళకు పైగా వ్యాపించిన మహాసరస్సు లాహాంటన్ అనునది యుండెడిది. అది ఎండిపోగా మిగిలిన మడుగులలో పిరమిడ్ సరస్సు పెద్దది. దీని వైశాల్యము ఇంచుమించు 188 చదరపు మైళ్ళు. లోతు కొన్నియెడల 350 అడుగులు. టాహో సరస్సునుండి బయలుదేఱిన ట్రకీ నది సుమారు 120 మైళ్ళు ప్రవహించి దీనిలో కలియును. లోనికి వచ్చిన నీటికి బయటికి పోవు త్రోవ లేదు. ఆవిరియగుటయే దాని గతి. అందుచే నీరు కొంచెము ఉప్పన. సముద్రపు నీటి ఉప్పులో ఆఱవవంతు మాత్రము. చుట్టును చెట్లులేని మన్నుకొండలు, నీటినుండి లేచిన సున్నపురాతి దిబ్బలు. అందొక దిబ్బ ఈజిప్టుదేశపు పిరమిడ్డువలె నుండుటచే 1844 జనవరిలో అచ్చటికి వచ్చిన ఫ్రీమాంట్ అను అన్వేషకుడు సరస్సుకు ఆ పేరు పెట్టెను. అనాహో అను దీవిలో తెల్లని గూడబాతులు వేలకొలది గూళ్ళు కట్టును. ఆ దీవి 1913నుండి పక్షుల రక్షితస్థానము. అచ్చట మనుష్యులు కాలు పెట్టరాదు.

ఇట్టి సరస్సులో చేపను పట్టుట యేల కష్టమో యోచింపుడు. వాగులో నైనచో ప్రవాహమే ఆహారమును కొనివచ్చును. చేప యొక రాతిచాటున నిలిచి నోరు తెఱచి కాచుకొని యుండును. ఆ రాయి యెఱిగినవానికి చేప యెఱిగినట్లే. సరస్సులో ప్రవాహము లేదు. చేపయే ఆహారమునకై తిరుగవలెను. 188 చదరపు మైళ్ళ నీటిలో అది యెచ్చట తిరుగుచున్నదో గట్టుననున్నవానికి కనబడదు. వేటగాడు విసరునది డెబ్బదియో ఎనుబదియో అడుగుల దారము. ఆ విశాల జలమున ఆ దారము పెరటిబావిలో ముంచిన చెంబువంటిది. చేపలు గుంపుగా ఆ ప్రక్కకు వచ్చిన గంటలో నలుగురికి దొరకును; అవి దాటిపోయిన పిదప అదే చోట సాయంకాలమువఱకు నిలుచున్నను ఏమియు నుండదు.

దీనికి తోడు ఋతువు. ఎండకాలమున పైనీరు వేడెక్కగా ట్రౌటులు లోతునకు దిగిపోవును. శరత్కాలమున నీరు చల్లబడినపుడును, వసంతమున గ్రుడ్లుపెట్టు కాలమునను అవి తీరము దగ్గఱకు వచ్చును. సామాన్యముగా వేటకాలము అక్టోబరు 1 మొదలు జూన్ 30 వఱకు. అనగా మంచి వేట యంతయు చలిలోనే. గాలి వీచి అలలు లేచిన దినము చేపకు అనుకూలము, మనిషికి ప్రతికూలము. అలలు అడుగుమట్టిని కదల్చి పురుగులను పైకి తేగా చేప దగ్గఱకు వచ్చునని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఎండ నిగనిగలాడుచు నీరు అద్దమువలె నున్న దినము కుటుంబమునకు హాయి. గాలమునకు మాత్రము తఱచు వట్టి దినమే.

ఈ సరస్సున వింతగా కనబడునది నిచ్చెన. తీరమున నీటి అడుగు కొంతదూరము మెల్లగా వాలి, హఠాత్తుగా లోతగును. ఆ అంచువెంబడి చేపలు తిరుగును. ఆ అంచునకు చేరువగా నిలువవలెనన్న నడుమువఱకు చల్లని నీటిలో గంటలకొలది నుండవలెను. అందుచే వేటగాండ్రు ఇంటిలో గోడలకు సున్నము వేయునపుడు వాడు నిచ్చెనవంటి దానిని నీటిలో నాటి, దానిపై కెక్కి, కొందఱు దానికే పీట బిగించుకొని కూర్చుండి గాలము వేయుదురు. ఎత్తునుండి విసరుట సులభము, కాళ్ళు జలుబెక్కవు. చలికాలపు తెల్లవారున వరుసగా ఇరువదిమంది నిచ్చెనలపై మౌనముగా నిలిచియుండుట చూచిన మనవారు నవ్వుకొందురేమో గాని, అది అవసరము నేర్పిన యుక్తి.

అచ్చట రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. నీటిలో మునుగు దారమును విసరి, అది అడుగునకు దిగువఱకు ఆగి, ఈకల గాలమును చేతితో కొంచెము కొంచెముగా లాగుకొనుట మొదటిది. లాగి ఆపి, లాగి ఆపి చేయవలెను. ఆగిన క్షణమున చేప పట్టుట తఱచు. తేలు దారమునకు చిన్న బెండు కట్టి, దాని క్రింద ఆఱు మొదలు పండ్రెండడుగుల లోతున దోమపిల్లవంటి చిన్న గాలమును వ్రేలాడదీసి బెండును చూచుచుండుట రెండవది. క్రొత్తవారికి రెండవదే మేలు. దూరము విసరనక్కఱలేదు, మన చెఱువుగట్టు బెండును ఎఱిగిన కన్ను చాలును. బెండు ఏ మాత్రము తడబడినను కఱ్ఱ నెత్తవలెను. అనేకులు అల యనుకొని ఊరకుండి చేపను పోగొట్టుకొందురు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఎంత ఆశింపవలెను? మా అభిప్రాయమును నిష్కర్షగా చెప్పెదము. మొదటిసారి పోయి ఒక్క దినము మాత్రమే యుండువారు ఏమియు దొరకదనియే తలచి పోవలెను. రెండుమూడు దినములుండి, ఎఱిగినవారి సలహా ననుసరించినచో ఒకటి రెండు చేపలు ఆశించుట న్యాయము. ఆఱితేరినవారికి గూడ గాలము కదలని దినములు అచ్చట సామాన్యము. వారి గొప్పతనము ప్రతిదినము చేప పట్టుటలో లేదు. పట్టని దినముల పిమ్మట మరల తెల్లవారుజామున లేచుటలో నున్నది. వసంతమున అదృష్టము కలిసివచ్చిన దినమున పది చేపలు పట్టినవారును కలరు. కాని అట్టి దినమును కొలతగా పెట్టుకొన్నచో తక్కిన దినములన్నియు ఓటమిగానే తోచును.

పరిమాణము మాట గూడ చెప్పవలెను. ఈ సరస్సు పేరు వినినంతనే జనులు పెద్దచేపలనే తలతురు. దానికి కారణము లేకపోలేదు. 1925లో జాన్ స్కిమ్మర్‌హార్న్ అను పైయూట్ తెగ పురుషుడు ఇచ్చట పట్టిన 41 పౌనుల చేప ఈ జాతిలో ప్రపంచమునకంతటికిని పెద్దదిగా నేటికిని లెక్కింపబడుచున్నది. ఇటీవలి సంవత్సరములలో గూడ ఇరువది పౌనులు మించినవి పట్టువడినవి. ఐనను దొరకువానిలో హెచ్చుభాగము కొలది పౌనులవే. పది పౌనుల చేప దొరికినవానికి అది జీవితకాలము చెప్పుకొను కథ. ఛాయాపటములను చూచి మోసపోరాదు. పటము తీయించుకొనువాడు చేప దొరికినవాడే. వట్టిచేతులతో తిరిగిన నూరుమంది పటము తీయించుకొనరు గదా. పెండ్లిపటములను చూచి కాపురములను లెక్కించినట్లగును.

ఇంతవఱకు చెప్పినది గాలమువేయువారి లెక్క. ఇంకొక లెక్క కలదు. అసలు ఈ సరస్సున నేడొక ట్రౌటు చేప ఉండుటయే ఆశింపరాని సంగతి. ఆ కథ వినిన పిమ్మట ఒక్క చేప దొరుకుట యెంత పెద్ద విషయమో తెలియును.

ఈ సరస్సు, దాని చుట్టునున్న భూమియు పైయూట్ అను ఆదివాసి తెగవారి సొత్తు. వేలయేండ్లుగా వారు ఈ చేపలపై జీవించిరి. ట్రౌటు గాక, ప్రపంచమున మఱెచ్చటను లేని క్వీవీ అను చేపయు ఇందు కలదు. ఈ సరస్సు తీరపు జనులు తమ్ము క్వీవీ తినువారని పిలుచుకొనిరి. ఫ్రీమాంట్ వచ్చినపుడు వారు ఆతనికి పెట్టినది ఈ ట్రౌటు చేపనే. ట్రకీ నదికి పేరు వారి నాయకు డొకనినుండి వచ్చినదందురు. ఆయన మనుమరాలు సారా విన్నెమక్కా 1883లో తన జనుల కష్టములను గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించినది. ఆ భాషలో గ్రంథము వ్రాసిన అమెరికా ఆదివాసి స్త్రీలలో ఆమె మొదటివారిలో చేరినది. సభలలో నిలిచి తన వారి పక్షమున మాటలాడిన ధైర్యశాలిని. మన పాఠికలు ఆమె పేరు గుర్తుంచుకొన దగును.

1905లో ట్రకీ నదిపై డెర్బీ అను ఆనకట్ట కట్టబడెను. నదీజలములో పెద్దభాగమును ఫాలన్ ప్రాంతపు పొలములకు మరలించిరి. సేద్యమునకు నీరు కావలసినదే. కాని ఆ నీటి కొసనున్నవారిని అడిగినవా రెవ్వరు? సరస్సు మట్టము ఏటేట దిగజాఱి, 1967 నాటికి ఇంచుమించు ఎనుబది యడుగులు తగ్గెను. ప్రక్కనున్న విన్నెమక్కా సరస్సు 1930ల చివరకు పూర్తిగా ఎండి తెల్లని బీడైనది. ట్రౌటు చేప గ్రుడ్లుపెట్టుటకు నదిలోనికి ఎదురీది పోవలెను. నదీముఖమున ఇసుక మేటవేసి నీరు పలుచబడగా దానికి దారి మూసికొనిపోయినది. 1938 తరువాత గ్రుడ్లుపెట్టు ప్రయాణము ఆగిపోయెను. 1940ల తొలినాళ్ళకు ఈ సరస్సు ట్రౌటు నశించెను. 41 పౌనుల చేప దొరికిన పదునెనిమిదేండ్లలోపుగనే ఆ చేపల వంశము ఆ నీటిలో లేకుండ పోయినది.

తరువాత వేఱు చోట్లనుండి అదే జాతికి చెందిన ఇతర చేపలను తెచ్చి విడిచిరి. పైయూట్ తెగవారు తమ స్వంత చేపపిల్లల పెంపకశాలలను ఏర్పఱచుకొనిరి. ఆ చేపలు బ్రతికినవి గాని పూర్వపు పరిమాణమునకు ఎదుగలేదు. అంత 1970లలో ఒక వింత జరిగెను. యూటా, నెవాడా రాష్ట్రముల సరిహద్దున పైలట్ పీక్ అను కొండమీది చిన్న వాగులో, ఎవ్వరో పూర్వము తెచ్చి విడిచిన ట్రౌటులు కనబడినవి. అవి పిరమిడ్ సరస్సు వంశమువే యను సందేహము కలిగెను. ప్రభుత్వపు మత్స్యశాలవారు వాని సంతతిని పెంచిరి. ముందటి కాలపు చేపల చర్మములు మ్యూజియములలో భద్రపఱచి యుండెను. వాని జన్యుపదార్థముతో పోల్చిచూచి అవి ఆ వంశమువే యని శాస్త్రజ్ఞులు ధ్రువపఱచిరి. 2006లో ఆ పిల్లలను సరస్సున విడిచిరి. కొలది యేండ్లలోనే అవి ఇరువది పౌనులు దాటి ఎదిగినవి. 2014లో ఆ వంశపు చేపలు మరల ట్రకీ నదిలోనికి పోయి తమంత తామే గ్రుడ్లు పెట్టినవి. డెబ్బదియాఱేండ్ల పిమ్మట మొదటిసారి అది జరిగినది.

వెనుకటి మహాసరస్సులో మిగిలిన మఱియొక ముక్కయగు వాకర్ సరస్సునకు ఇట్టి భాగ్యము కలుగలేదు. దాని నదిని పొలములు త్రాగివేయగా ఉప్పు పెరిగి, ఈ శతాబ్ది తొలి దశాబ్దము చివరకు అందు ట్రౌటులు లేకుండ పోయినవి. పిరమిడ్ సరస్సు బ్రతికినదనగా, దానికై పైయూట్‌లు న్యాయస్థానములలో తరతరములుగా పోరాడిరి. 1990లో నీటిహక్కులపై చట్టమొకటి వచ్చినది. నీటిని నిలుపుకొనుట, చేపపిల్లలను పెంచుట, గ్రుడ్లుపెట్టు దారిని తెఱచుట, ఈ పనులన్నియు ఏటేట చేయవలసినవే. చేసినవారు నేటికిని చేయుచున్నారు.

కాబట్టి గాలముతో అచ్చటికి పోవువారు ముందు అతిథులమని తెలియవలెను. వేటకు పైయూట్ తెగవారి అనుమతిపత్రము కొనవలెను. ఆ రుసుము చేపల పోషణకు తోడ్పడును. ప్రాణముగల ఎఱలు వాడరాదు. ఎంత పొడవు చేపను ఉంచుకొనవచ్చునో, ఎన్ని ఉంచుకొనవచ్చునో తెగవారే నిర్ణయింతురు. అవి మాఱుచుండును గావున పోవుటకు ముందు అడిగి తెలిసికొనుట మంచిది. తెగవారు పవిత్రముగా ఎంచు రాతిదిబ్బల యొద్ద కొన్నిచోట్ల ప్రవేశము లేదు. ఇంటికి వచ్చిన చుట్టము వంటింటి మర్యాదలు తెలిసికొని మెలగునట్లు మెలగిన చాలును.

చేపకు నొప్పి కలుగదా యని మన పాఠికలలో శాకాహారులు అడుగుట సహజము. నొప్పి లేదని మేము చెప్పజాలము. ఈ వినోదము వలదనువారి మాటను మేము గౌరవింతుము. పోదలచినవారు మాత్రము బాధను తగ్గింపవచ్చును. గాలపు కొనకు వెనుక ముల్లు లేకుండ నొక్కివేయవలెను. చేపను త్వరగా దగ్గఱకు తెచ్చి, వలలో నీటియందే యుంచి, చేతులు తడిపి పట్టుకొనవలెను. పొడిచేతితో తాకిన దాని ఒంటిమీది జిగురు పోయి రోగములు పట్టును. మొప్పలలో వ్రేళ్ళు పెట్టరాదు. పటము కావలెనన్న ఒక్క ఊపిరి కాలము పైకెత్తి మరల నీటిలో దించవలెను. దానంతట అది తోక విదిలించి పోవువఱకు చేతితో నిలబెట్టుట ఆఖరి మర్యాద. గొప్ప చేపను విడిచిపెట్టుట నష్టమని తలపరాదు. దాని కడుపున రేపటి సరస్సు కలదు.

గృహిణులు చూచుకొనవలసిన సంగతులు కొన్ని గలవు. చలికాలమున గాలి అకస్మాత్తుగా లేచి అలలు నిలువెత్తగును. నీరు మంచువలె నుండును. కాళ్ళకు తొడుగు నీటిచొరని సంచీ చిరాయిలలోనికి నీరు ప్రవేశించిన ప్రాణాపాయము. నడుమునకు పట్టీ బిగించుకొనక, తోడులేక ఎవ్వరిని నీటిలోనికి పోనీయరాదు. పిల్లలను నిచ్చెనల వరుసకు వెనుక నిలుపరాదు. వెనుకకు విసరిన గాలము కంటికి తగులును. అందఱికిని కండ్లద్దాలు, టోపీ ఉండవలెను. మార్చుకొనుటకు ఒక జత పొడిబట్టలు, ఉన్ని చేదొడుగులు, వేడికాఫీ నిండిన ఫ్లాస్కు వెంట నుంచుడు. చెట్టునీడయు అంగడులును అరుదుగావున భోజనము ఇంటనుండియే తీసికొనిపోవలెను. పులిహోర, చపాతీలు, చల్లారినను రుచి చెడని కూరలు మేలు. ఇసుకలో బండ్లు దిగబడుట తఱచు. గట్టినేల చూచి నిలుపుడు.

అన్నిటికంటె ముఖ్యమైన యేర్పాటు ఇంటనే జరుగవలెను. బయలుదేఱుటకు ముందు భార్యాభర్తలు కూర్చుండి మూడు సంగతులు తేల్చుకొనుట మంచిది. ఏ గంటకు గాలము చుట్టవలెను? ఎంత ధనము వెచ్చింపవలెను? చేప దొరకకున్న ఏమి చేయవలెను? మూడవ ప్రశ్నను అడుగువారు అరుదు. దానికి జవాబు ముందుగనే యున్నచో సాయంకాలపు అలుకలు సగము తగ్గును. “ఇంకొక అరగంట” యని మగవారు చీకటిపడువఱకు నిలుచుటయు, కారులో పిల్లలు ఆకలితో ఏడ్చుటయు ఈ ప్రశ్న అడుగనందునఁ గలుగు కష్టములే. గూడబాతులను చూపుట, రాతిదిబ్బలను చూపుట, తెగవారి మ్యూజియమును దర్శించుట, ఇవి చేపపై ఆధారపడని పనులు. దినములో సగము వీనికి కేటాయింపుడు.

గాలము వేయువారికి గూడ మెట్లు మెట్లుగా కొలతలు పెట్టుకొనుట మేలు. మొదటి దినము దారము చిక్కుపడకుండ విసరుట నేర్చిన విజయమే. రెండవ దినము బెండు కదలుటకును అల కదలుటకును భేదము తెలిసిన విజయమే. చేప తగిలి తప్పించుకొన్నను, అది తగిలినదని చేతికి తెలియుట గొప్ప పాఠము. చేతికి వచ్చినచో అది వీటన్నిటిపై వచ్చిన వడ్డి. పొరుగు నిచ్చెనవానికి నాలుగు దొరకి మనకు దొరకకున్న “ఆడలేక మద్దెల ఓడు” అన్నట్లు కఱ్ఱను, గాలిని, సరస్సును నిందింపక, ఆతడు ఎంత లోతున గాలము వేసెనో మర్యాదగా అడిగిన, చెప్పనివారు అరుదు.

ఆశ తగ్గించుకొనుట సంతోషము తగ్గించుకొనుట యని కొందఱి భయము. మా తలంపు వేఱు. ఏమి దొరకునో తెలియక పోయినవారికి ఒక్క చేప దొరికిన “ఇంతేనా” యనిపించును. ఆనకట్ట కథ, ఎండిన సరస్సు కథ, కొండవాగులో మిగిలిన వంశపు కథ తెలిసి పోయినవారికి ఆ ఒక్క చేపయే నూఱేండ్ల కష్టము చేతిలో మెదలినట్లుండును. దొరకకున్నను, అది ఆ నీటిలో ఎక్కడనో తిరుగుచున్నదను మాట అబద్ధము గాదు. 1950లో ఆ తీరమున నిలిచినవారికి ఆ వంశపు చేపను గూర్చి ఆ మాటయు దక్కలేదు.